మొదటి గది

ఆవిడ కత్తి వైపు చూస్తోంది, లేదు, కత్తి వెనకున్న గోడ వైపు చూస్తోంది, లేదు లేదు, అసలు స్క్రీన్ వైపే చూడటం లేదు, చేతిలో ఉన్న గేమ్ కంట్రోలర్‌ని తిరగేసి అడుగున ఏముందో చూస్తోంది. అడుగున ఏముంటుంది తల్లీ, రెండు మరలు తప్ప. అద్దానికి ఇవతల లైటు తీసేసిన గదిలో కూర్చుని నేను ఆవిణ్ణి చూస్తున్నాను. నాకు ఆవిడ కనిపిస్తుంది, ఆవిడకి ఈ అద్దంలో తన మొహమే కనిపిస్తుంది. ఇందాక కుర్చీలో కూర్చోబోతూ సూటిగా నా కళ్ళలోకి చూసి జుట్టు సర్దుకుంది, నేనేదో దొరికిపోయినదానిలా తల దించుకున్నాను, ఎందుకు దించుకున్నానో నాకే తెలీదు. పళ్ళ డాక్టరట. యాభై దాటి ఉంటాయి. వీడియో గేమ్ అన్నది ఎప్పుడూ ముట్టుకోనివాళ్ళు కావాలని మేమిచ్చిన ప్రకటన చూసి, మధ్యాహ్నం ఎలాగూ పేషెంట్లు ఉండరు కదా అని వచ్చిందట. మా ఆట తలరాత ఇప్పుడు ఆవిడ చేతుల్లో ఉంది, ఆ సంగతి ఆవిడకి తెలీదు, తెలియనివ్వకూడదు కూడా. ఆవిడ ఈ గంటలో పిల్లనగ్రోవి తీసుకుంటే ఆట మొత్తం ఉంటుంది. కత్తి తీసుకుంటే సాయంత్రం పెద్దాయన ఆటలో సగం కోసి అవతల పారేస్తాడు. పెద్దాయన అంటే మా టీమ్ లీడ్, నాకన్నా చిన్నవాడే, అయినా అందరం పెద్దాయన అంటాం, మొదట వెక్కిరింతగా అన్నాం, ఇప్పుడు అలవాటైపోయింది.

మా ఆట మొదలయ్యేది ఒక గదిలో. ఆ గది నాది. కొండలు ఒకరివి, వానలు ఒకరివి, గుర్రాల నడక ఇంకొకరిది, కానీ కొత్తగా వచ్చినవాడికి ఏ బటన్ ఎందుకు నొక్కాలో నేర్పే మొదటి గది మాత్రం నా ఉద్యోగం. బయటివాళ్ళు దాన్ని ట్యుటోరియల్ అంటారు, మేం పాఠం అంటాం. గదికి ఒకటే తలుపు. తలుపు ముందు స్టూలు మీద ఒక ముసలి కాపలావాడు. తలుపు పక్కన గూట్లో కత్తి. కాపలావాడి వెనక కిటికీ గట్టు మీద పిల్లనగ్రోవి. కత్తితో కొడితే అతను పడిపోతాడు, తలుపు తోసుకుని పోవచ్చు, ఇక అక్కణ్ణించి చివరిదాకా కొట్టుకుంటూ పోవడమే. పిల్లనగ్రోవి ఊదితే అతను కాసేపు వింటాడు, కళ్ళు తుడుచుకుంటాడు, లేచి తనే తలుపు తీస్తాడు. అక్కణ్ణించి అది వేరే ఆట. ఎవర్నీ కొట్టక్కర్లేదు, ఎదురైనవాళ్ళు ఒక్కొక్కళ్ళే వెంట నడుస్తారు, చివరి కోట చేరేసరికి వెనకాల ఊరంత జనం ఉంటారు. ఆ రెండో సగం ఈలాయనది. ఎప్పుడూ ఏదో ఒకటి ఈల వేస్తూ తిరుగుతాడని ఆ పేరు. ఇదివరకు రేడియో నాటకాలకి చప్పుళ్ళు చేసేవాడట, బియ్యం చేటలో పోసి వాన కురిపించేవాడట, మా ఆఫీసులో వయసులో అందరికన్నా పెద్ద ఆయనే. రెండేళ్ళుగా ఇద్దరు కుర్రాళ్ళని పెట్టుకుని ఒక్కో ఊరికి ఒక్కో రాగం కట్టాడు. పక్క గదిలోనే ఉన్నాడు ఇప్పుడు. పొద్దున్నించీ ఈల వినిపించలేదు, ఆ నిశ్శబ్దం నాకు గోడలోంచి వినిపిస్తోంది.

తప్పు నాదేనేమో. కాదేమో. ఇదీ తేలడం లేదు. మొదట్లో నా పాఠం ఎంత ముద్దుగా ఉండేదని. కత్తి మీద బాణం గుర్తు, కింద అక్షరాలు, చెవిలో తియ్యటి గొంతు, కత్తి తీసుకో, శభాష్, ఇప్పుడు ఈ బటన్ నొక్కు, శభాష్, ఇంకోసారి. అరటిపండు ఒలిచి నోట్లో పెట్టినట్టే. కత్తి తీసుకునేదాకా గదిలో ఇంకేదీ చేతికి రాదు, కొట్టేదాకా తలుపు కదలదు. ఆ పైన కావాలంటే పిల్లనగ్రోవి కూడా ఉందని ఓ మూల చిన్న అక్షరాల్లో రాసి ఊరుకున్నాను. ఎందుకు కత్తే ముందు అని ఎవరైనా అడిగారా, ఎవరూ అడగలేదు, అడిగితే చెప్పేదాన్ని, కత్తికి ఒక్క బటన్ చాలు, పిల్లనగ్రోవికి నాలుగు కావాలి, కొత్తవాణ్ణి మొదటి నిమిషంలోనే బెదరగొట్టకూడదు, అది మా వృత్తిలో మొదటి సూత్రం. అంతే, ఇంకే దురుద్దేశమూ లేదు. తీరా ఆట బయట కొంతమందికి ఇచ్చి చూస్తే ఒక్క మనిషి, ఒక్కంటే ఒక్క మనిషి పిల్లనగ్రోవి ముట్టుకోలేదు. పెద్దాయన లెక్కలు చూపించి, ఎవరూ నడవని దారికి ఇంత మంది పని చెయ్యడం దేనికి, తీసేద్దాం అన్నాడు. అప్పుడు ఈలాయన నా బల్ల దగ్గరికి వచ్చి, కోపంగా కాదు, టీ తాగుతావా అన్నంత మామూలుగా అడిగాడు.

"అమ్మాయ్, వాళ్ళకి కావాలనే కత్తి తీసుకుంటున్నారా, నువ్వు తీసుకోమన్నావనా?"

ఆ మాట చెవిలో దూరిన దోమలా ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. నేనే పెద్దాయన దగ్గరికి పోయి, పాఠం మొత్తం ఎత్తేసి చూద్దాం అన్నాను. బాణం తీసేశాను, అక్షరాలు తీసేశాను, గొంతు తీసేశాను, తలుపు గడియ వదులు చేశాను. గదిలో ఎవరికేది తోస్తే అది. ఏమీ నేర్పకుండా వదిలేస్తే మనిషి ఏం చేస్తాడో చూద్దాం, ఆట రుచి ఇంకా తగలనివాళ్ళని తీసుకొద్దాం. పెద్దాయన ఒప్పుకున్నాడు, ఒక్కరు పిల్లనగ్రోవి ఎత్తుకుని ఊదినా ఉంచేస్తానన్నాడు. బ్యాంకులో పనిచేసే ఆయన వచ్చాడు, కత్తి. కవల అక్కాచెల్లెళ్ళు వేర్వేరుగా వచ్చారు, కత్తీ కత్తే. తర్వాత పాటలు నేర్పే మాస్టారు వచ్చాడు, ఇంకేముంది, ఈయన కచ్చితంగా అనుకున్నాను, ఆయనైతే పిల్లనగ్రోవి వంక కన్నెత్తి కూడా చూడకుండా తిన్నగా గూటి దగ్గరికి పోయాడు. ఇక మిగిలింది ఈవిడ.

ఇందులో ఇంకో మెలిక ఉంది, అది ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకోవడానికి నోరు రాదు. ఈవిడ పిల్లనగ్రోవి తీసుకుంటే ఈలాయన గెలుస్తాడు, నేను సంతోషిస్తాను, నిజంగానే సంతోషిస్తాను. కానీ అప్పుడు తేలేదేమిటి, ఇన్నాళ్ళూ అందరిచేతా కత్తి పట్టించింది నా పాఠమేనని. ఈవిడ కత్తి తీసుకుంటే నా తప్పేం లేదు, జనానికి కత్తే ఇష్టం, నేను హాయిగా నిద్రపోవచ్చు, ఈలాయన మాత్రం రెండేళ్ళ పని డబ్బాలో సర్దుకోవాలి. నాకేం కావాలి అసలు. రెండూ కావాలి. నేను మంచిదాన్నవ్వాలి, ఆయన రాగాలూ ఉండాలి. అలా కుదరదని తెలుసు, తెలిసీ కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాను. డాక్టరమ్మ బటన్ ఏదో నొక్కింది, స్క్రీన్ మీద బొమ్మ గిరగిరా తిరిగింది, గది కప్పు కనిపిస్తోంది, ఆవిడ మెడ కూడా కప్పు వైపు వంగింది.

మనసులో ఏమనుకుంటే అది పైకి అనమని ముందే చెప్పాం, ఆ మాటలు ఇక్కడ నా ముందున్న స్పీకర్లో వినిపిస్తాయి, అదీ మా పద్ధతి. కళ్ళు తిరుగుతున్నాయి అంది ఆవిడ. ఇది నడుస్తోంది అంది. గోడకి కొట్టుకున్నాను, ఇదేమిటి గోడని రుద్దుకుంటూ నడుస్తున్నాను అంది. నవ్వొచ్చింది నాకు, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను, అద్దంలోంచి చప్పుడు పోదని తెలిసినా. నా ముందు మైకు ఉంది, నొక్కితే నా మాట ఆ గదిలో వినిపిస్తుంది, కానీ ఆట సాగుతున్నంతసేపూ ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, మాట్లాడితే ఆ పరీక్ష చెల్లదు. ఇంత నోరున్న నేను నోరు కుట్టేసుకుని కూర్చోవలసిన ఉద్యోగం నాకెవరిచ్చారో. ఆవిడ ఎలాగో గోడ వదిలించుకుని కాపలావాడి ముందుకొచ్చి నిలబడింది. వంగింది. మొహంలో మొహం పెట్టి చూసింది. ఇతనికి కింద పన్నొకటి లేదు, పక్కది కూడా కదులుతున్నట్టుంది అంది. నేను ఉలిక్కిపడి నా ముందున్న చిన్న స్క్రీన్ మీద చూశాను. నిజమే, లేదు. ఈ కాపలావాణ్ణి ఎన్ని వందల సార్లు పడగొట్టి ఉంటాను, పని చేస్తోందో లేదోనని రోజూ పొద్దున్నే రాగానే ఒకసారి కొట్టేదాన్ని, అతనికి పన్ను లేదని నాకు తెలీదు. బొమ్మ గీసిన పిల్ల ఎంత శ్రద్ధగా ఆ సందు గీసిందో. ఎవరు చూస్తారని గీసిందో.

ఏదైనా మొదట ఎలా చూస్తే ఇక అలాగే చూస్తాం కాబోలు. మా నానమ్మ నాకు పేకాట నేర్పింది, రమ్మీ, వంటింటి గడప మీద కూర్చోబెట్టి, తను గచ్చు మీద కాళ్ళు బారజాపుకుని. రాజుని పారెయ్యకూడదే, అది ఆటలోనే లేదు, రాజుని పారేస్తే ఇంట్లోంచి మగాణ్ణి గెంటినట్టు అనేది. మాకందరికీ అదే రూలు. మా నాన్నా, బాబాయిలూ, అత్తలూ, అందరూ చేతిలో రాజుల్ని పట్టుకుని ఓడిపోతూ ఉండేవాళ్ళు, సెలవులన్నీ ఓడిపోతూ గడిచేవి. హాస్టల్లో మొదటిసారి నా ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఠపీమని రాజుని కింద పడేస్తే, నువ్వలా పారెయ్యకూడదు అన్నాను, ఎందుక్కూడదు అంది, మా నానమ్మ చెప్పింది అన్నాను, గది గదంతా నవ్వింది. రూలు కాదని ఆ రోజే తెలిసింది. తెలిసి ఏం లాభం, ఈ రోజుకీ రాజుని పారెయ్యాలంటే చెయ్యి రాదు, పారేసినా తర్వాత రెండు మూడు ఆటలు మనసు బాగోదు. నానమ్మ కావాలని చేసిందా, పాపం ఆవిడకి ఎవరు నేర్పారో. నేను నా బాణాలూ శభాష్‌లూ ఎక్కడ నేర్చుకున్నాను, నాకన్నా ముందు ఈ పని చేసినవాళ్ళ దగ్గరే కదా, వాళ్ళు ఎవరి దగ్గరో.

మా ఆయన కారు నేర్పిన తీరు ఇంకా ఘోరం. ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి, అదే దారి, ఇక్కడ గేరు తగ్గించు, పెట్రోలు బంకు కనిపించగానే ఎడమకి తిప్పు, స్కూలు గోడ రాగానే బ్రేకు మీద కాలు పెట్టు. బ్రహ్మాండంగా వచ్చేసింది. ఒక ఆదివారం మా చెల్లెలింటికి నేనే నడుపుతానని బయల్దేరి, ఇంటి ముందు నుంచి ఎటు పోవాలో తోచక, ముందు ఆఫీసుకి వెళ్ళి, ఆఫీసు గేటు దగ్గర ఆగి, అక్కణ్ణించి దారి కనుక్కుని వెళ్ళాను. ఆయన పక్కన కూర్చుని మొహం అటు తిప్పుకుని నవ్వుతూనే ఉన్నాడు, నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు కారు వచ్చా, దారి వచ్చా. ఆయన మాత్రం ఏం చేస్తాడు, కొత్తదానికి ఊరంతా తిప్పుతూ నేర్పగలడా, ఎక్కడో ఒక చోట మొదలుపెట్టాలి కదా. అదిగో, మళ్ళీ నన్ను నేను వెనకేసుకొస్తున్నాను. ఎక్కడో ఒక చోట మొదలుపెట్టాలి నిజమే, ఆ ఒక్క చోటే మనిషికి జన్మంతా సరిపోతుందని ఎవరనుకుంటారు.

మా చెల్లెలు ఏ ఆట ఆడినా దొరికినవన్నీ మూట కట్టుకుంటుంది, మందు సీసాలు, దీపాలు, బాణాలు, ఏదీ వాడదు, చచ్చేలా ఉన్నా వాడదు, ఆట అయిపోయేసరికి సంచి నిండా అలాగే ఉంటాయి. ఎందుకే అంటే ముందు ముందు అవసరం పడతాయేమో అంటుంది. అది మొట్టమొదట ఆడిన ఆటలో, సీసా దొరకగానే, దాచుకో, ముందు ముందు అవసరం పడుతుంది అని అక్షరాలు పడేవి, నాకు గుర్తుంది, పక్కన కూర్చుని చదివింది నేనే. ఇప్పుడు దాని బీరువాలో దుప్పట్లు కూడా మడత విప్పకుండా ఉంటాయి, చిరుగులవి కప్పుకుంటుంది. పుట్టుకతోనే అంతేమో, ఆటేం చేస్తుంది. లేక ఆటే చేసిందా. నేనూ ఎప్పుడూ ముందు కొట్టే రకాన్నే, తలుపు తెరుచుకోగానే ఎవరున్నారో చూడకుండా కొట్టేస్తాను, నా ఆట తీరే అంత, నాకు ఓపిక లేదు అని గొప్పగా చెప్పుకుంటాను. నాకు కొట్టడం ఇష్టమా అని ఇవాళ మొదటిసారి నన్ను నేను అడుగుతున్నాను. ఏమో. ఇష్టమనే అనుకున్నాను. ఎవరో ఒకాయన, నాలాగే ఒక గది కట్టి, నాలాగే సాయంత్రం ఇంటికి త్వరగా పోవాలనుకుని, కొత్తవాళ్ళకి కొట్టడం ఒక్కటి నేర్పితే చాల్లే అనుకుని ఉంటాడా. ఆ మనిషి తొందర నా స్వభావమై కూర్చుందా. తల పగిలిపోతోంది.

తలుపు దగ్గర అలికిడైతే తిరిగి చూశాను, ఈలాయన. లోపలికి రమ్మని సైగ చేశాను. వచ్చి నా వెనక నిలబడ్డాడు, కూర్చోమంటే వద్దన్నాడు. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ కాపలావాడి వెనక్కి వెళ్ళి కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎండ బాగా గీశారు అంది, వేలు ఎక్కడ పడిందో ఏమో, స్క్రీన్ మీద పిల్లనగ్రోవి లేచి చేతిలోకి వచ్చింది. వచ్చింది. సంతోషమా, భయమా, నాకు తెలీలేదు, ఈలాయన నా కుర్చీ వెనక భాగాన్ని గట్టిగా పట్టుకోవడం మాత్రం తెలిసింది, కుర్చీ కదిలింది. ఇక ఊదాలి. ఊదే బటన్లు నాలుగూ ఆవిడ వేళ్ళ కిందే ఉన్నాయి, ఒకటి నొక్కితే చాలు, రాగం మొదలవుతుంది. నొక్కండి. ఏదైనా నొక్కండి డాక్టరుగారూ, ఇందాకటిదాకా అన్నీ నొక్కారు కదా. ఆవిడ నొక్కలేదు. బొమ్మని నెమ్మదిగా తిప్పుకుని కాపలావాడి ముందుకొచ్చి నిలబడింది.

"ఇది నీదా నాయనా? తీసుకోవచ్చా?"

అతన్నే అడిగింది. స్క్రీన్ మీది బొమ్మని. అడిగి ఆగింది. ఎంతసేపు ఆగిందో. కాపలావాడు ఊపిరి పీలుస్తున్నాడు, వదులుతున్నాడు, మధ్యలో ఒకసారి కనురెప్ప వేస్తాడు, అంతే, అతని చేత మేం చేయించింది అంతే. ఆవిడ తల కాస్త పక్కకి వంచి వింటోంది, పేషెంటు చెప్పేది వింటున్నట్టే. నా చెయ్యి మైకు మీదికి పోయింది. తీసుకోండి, అన్న ఒక్క మాట, అంటే పరీక్ష పోతుంది, అనకపోతే ఈలాయన పోతాడు, అంటే అదీ పాఠమే అవుతుంది, ఇంకో రకం శభాష్ అవుతుంది, అప్పుడు పిల్లనగ్రోవి ఆవిడ తీసుకున్నట్టా నేను ఇచ్చినట్టా. ఈలాయన చెయ్యి నా భుజం మీద పడింది, వద్దన్నట్టు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కాపలావాడు ఇంకోసారి రెప్ప వేశాడు. సరేలే పాపం అంది డాక్టరమ్మ, కిటికీ దగ్గరికి వెళ్ళి పిల్లనగ్రోవి ఎక్కణ్ణించి తీసిందో అక్కడే, అంతే వంకరగా, పెట్టేసింది. పెట్టేసి తిన్నగా గూటి దగ్గరికి నడిచి కత్తి తీసింది. కాసేపు దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిరిగింది, తలుపు తోసి చూడాలని తోచలేదు, కొట్టింది. కాపలావాడు స్టూలు మీంచి పడిపోయాడు. ఏమనుకోకు నాయనా, ఇంకేం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు అంటూ ఆవిడ కంట్రోలర్‌ని బల్ల మీద పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

పోన్లే అమ్మాయ్ అన్నాడు ఈలాయన. నాకు ఏడుపొచ్చింది, ఏడుపు ఎందుకో కూడా ఆలోచించే ఓపిక లేకపోయింది. నా తప్పు లేదని తేలింది కదా, ఏ పాఠమూ లేకుండానే, చేతికి అందిన పిల్లనగ్రోవిని కూడా తిరిగి పెట్టేసి మరీ కత్తి తీసుకుంది కదా, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి. మరి నెత్తిన పాలు పోసినట్టు ఉండాలి. నీళ్ళు కూడా పోసినట్టు లేదు. ఆట అయ్యాక లోపలికెళ్ళి ఎందుకలా చేశారో అడగాలి, అది కూడా మా పద్ధతే. మొహం తుడుచుకుని వెళ్ళాను. ఆవిడ నన్ను చూడగానే, బాగా ఆడలేదు కదమ్మా అంది. అందరూ అదే అంటారు. బాగా ఆడడమంటూ ఏమీ లేదండీ అన్నాను, నేనూ అందరికీ అదే చెబుతాను. పిల్లనగ్రోవి ఎందుకు తిరిగి పెట్టేశారని అడిగాను.

"అతని కిటికీలో ఉందమ్మా, అతనిదే అయ్యుంటుంది. చెప్పకుండా ఎలా తీసుకుంటాం? నేను పాతికేళ్ళుగా, ఇప్పుడు వేలు పెడుతున్నాను, ఇప్పుడు అద్దం పెడుతున్నాను అని చెప్పకుండా ఎవరి నోట్లోనూ ఏదీ పెట్టలేదు. చెప్పకుండా పెడితే కొరుకుతారు కూడా."

మరి కత్తి అన్నాను. కత్తి కూడా ఎవరిదో అయ్యుంటుంది కదా. ఆవిడ నా వంక జాలిగా చూసింది, ఇంత చదువుకుని ఇంత మాత్రం తెలీదా అన్నట్టు కాదు, నాకు ఒంట్లో బాగోలేదేమో అన్నట్టు.

"అది అలా మిలమిలా మెరిసిపోతుంటే నాకోసమే పెట్టారనుకున్నాను."

స్క్రీన్ వైపు తిరిగాను. గది మళ్ళీ మొదటికొచ్చి ఉంది, కాపలావాడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, గూట్లో కత్తి. మెరుస్తోంది. అంచు వెంబడి సన్నటి తెల్లటి వెలుగు పాకి, ఆగి, మళ్ళీ పాకుతోంది. బాణం తీశాను, అక్షరాలు తీశాను, గొంతు తీశాను, మెరుపు తియ్యలేదు. మర్చిపోలేదు, అసలది తియ్యవలసిన వస్తువని తట్టలేదు. మేం చేసే ప్రతి ఆటలోనూ, ఆడే ప్రతి ఆటలోనూ తీసుకోవలసినదల్లా అలాగే మెరుస్తుంది, పుట్టినప్పటి నుంచీ ముక్కు మీదున్న కళ్ళజోడులా అయిపోయింది, నాకు కనిపించడం ఎప్పుడో మానేసింది. పెద్దాయనకి కనిపించలేదు. ఈలాయనకి కనిపించలేదు, ఆయన కూడా ఇన్నేళ్ళలో మాలో కలిసిపోయాడు. ఏమీ నేర్పకుండా వదిలేశామనుకుని, వచ్చినవాళ్ళ చేత ఒక్కొక్కళ్ళ చేతా కత్తి పట్టించి, చూశారా వీళ్ళకి కత్తే ఇష్టం అనుకున్నాం. బ్యాంకాయనా, కవలలూ, పాటల మాస్టారూ, అయ్యో, పాటల మాస్టారు. మా పని తెలియనివాడెవడూ ఇలాంటి తప్పు చెయ్యలేడు, దీనికి చాలా అనుభవం కావాలి.

అక్కడికక్కడే పెద్దాయనకి ఫోన్ చేశాను. ఏం, ఆవిడ పిల్లనగ్రోవి తీసుకుందా అన్నాడు. తీసుకుంది, తిరిగి పెట్టేసింది అన్నాను. అయితే లేనట్టే కదా అన్నాడు. మెరుపు సంగతి చెప్పాను, మాటలు తడబడ్డాయి, ముందువీ వెనకవీ కలిసిపోయాయి, పరీక్షలన్నీ తప్పు, తప్పు నాది, కొయ్యకండి, ఇవాళ కొయ్యకండి అన్నాను. ఆయన, మరి మెరుపు కూడా తీసేస్తే మనుషులు ఆ గదిలోనే దిక్కులు చూస్తూ ఉండిపోరా అన్నాడు. ఉండిపోతారేమో, నాకు తెలీదు అన్నాను. నిజంగానే తెలీదు. పిల్లనగ్రోవికీ మెరుపు పెడదామా అన్నాడు. అప్పుడదీ మనం చెప్పి ఊదించినట్టే కదండీ అన్నాను. మరేం చేద్దామంటారు అన్నాడు. నాకు తెలీదండీ. సరే, ఇవాళ్టికి ఆపుతాను, ఇంకోసారి పెట్టి చూడండి అన్నాడు. అద్దం వైపు తిరిగాను, ఈలాయన దాని వెనక ఉన్నాడో వెళ్ళిపోయాడో, నాకు నా మొహమే కనిపిస్తోంది, కొయ్యడం లేదు అని ఆ మొహానికే చెప్పాను. అటు నుంచి ఎవరైనా పలికినా ఇటు వినిపించదు.

డాక్టరమ్మ అదంతా కుర్చీలో కూర్చుని వింటూనే ఉంది, ఎంత అర్థమైందో. ఇంకోసారి ఆడొచ్చా అని అడిగింది. ఆడండి, మీ ఇష్టం అన్నాను, ఇక పరీక్షా లేదు, పాఠమూ లేదు, పక్కనే నిలబడ్డాను. ఈసారి గోడకి కొట్టుకోలేదు, తిన్నగా కాపలావాడి దగ్గరికి వెళ్ళింది. వెళ్ళి కంట్రోలర్ వైపు చూసుకుంది.

"ఇతన్ని అడగాలంటే ఏది నొక్కాలమ్మా?"

చూపిద్దామని వంగాను. ఇది కొట్టడానికండీ, ఇది గెంతడానికి, ఇది పరిగెత్తడానికి, ఇది తీసుకోవడానికి, ఇటు పక్కవి నాలుగూ ఊదడానికి, ఇది దాక్కోవడానికి. ఒక్కో బటన్ మీదా వేలు పెట్టుకుంటూ చివరిదాకా వెళ్ళాను. మళ్ళీ మొదటి నుంచి చూశాను, నేనే ఏదో మర్చిపోయానేమోనని. మాలో కొంతమంది కత్తి చేశారు, కొంతమంది పిల్లనగ్రోవి చేశారు, రెండు దారులూ ఉండాలని ఈలాయనా నేనూ ఇన్ని రోజులుగా నిద్రలు మానుకున్నాం. అడగడానికి ఏదీ లేదండీ అన్నాను.

ఆవిడ కోప్పడలేదు, నవ్వలేదు. కంట్రోలర్‌ని ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలింది. "సరే అయితే, అతనే లేచేదాకా కూర్చుంటాను," అంది. ఎవరైనా ఊదితేనే లేస్తాడు, కొడితే పడతాడు, అంతే తప్ప అతను తనంతట తను లేవడు, అలా లేవకుండా కూర్చోబెట్టింది నేనే. ఆ మాట ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక, పక్కనున్న కుర్చీ లాక్కుని నేనూ కూర్చున్నాను.